గుండుకు గుడ్డ, గొట్టానికి గాడి

బళ్ళారి కోట గురించి ఊళ్ళో ఎవర్నడిగినా ఒకే కథ చెబుతారు. హైదరాలీ ఈ ఊరిని పట్టుకున్నాక గుట్ట మీది కోటను బాగుచేయించి, కింద ఇంకో కోట కట్టించడానికి ఒక ఫ్రెంచి ఇంజనీరును పెట్టుకున్నాడట. పనంతా అయ్యాక చూస్తే పక్కనున్న కుంబార గుట్ట కోటగుట్ట కంటే ఎత్తు. అక్కడికి ఒక్క ఫిరంగి ఎక్కించగలిగితే చాలు, గుండ్లు నేరుగా కోటలో పడతాయి. దాంతో ఆ ఇంజనీరును కోట వాకిట్లోనే ఉరితీయించాడని, తూర్పు వాకిలి దగ్గర కనబడే సమాధి ఆయనదేనని అంటారు. ఉరి సంగతి ఎవరూ తేల్చలేదు గానీ కథలోని లెక్క మాత్రం గట్టిది. శత్రువు చేతిలోని ఆయుధం ఎంత దూరం కొడుతుందన్న దాన్ని బట్టే గోడకు విలువ. ఆ దూరం మారినప్పుడల్లా కోటలూ పటాలాలూ చట్టాలూ, చివరికి వేటగాడి అలవాట్లూ మారుతూ వచ్చాయి.

మూతి వైపు నుంచి మందు దట్టించి పేల్చే తుపాకుల కాలంలో ఆ దూరాన్ని మార్చింది మందు కాదు. సీసం ముద్ద ఆకారం, దాన్ని పట్టుకునే గొట్టం. గొట్టం లోపల మెలితిరిగిన గాడులున్న రైఫిల్లో ఏది పేల్చాలి? నూనెగుడ్డ చుట్టిన గుండ్రటి గుండా, మొనదేలిన పొడుగు తూటానా? రెండు వందల ఏళ్ళుగా నడుస్తున్న వాదం ఇది. పాత తుపాకులు పేల్చే క్రీడాకారులు ఇప్పటికీ దీని మీద గంటలకొద్దీ తగువులాడుకుంటారు. నా మటుకు నాకు ఇందులో రెండు వర్గాలూ తప్పు మాట్లాడుతున్నాయనిపించదు. ఎవరి నేల మీద నిలబడి వాళ్ళు మాట్లాడుతున్నారు, అంతే. బళ్ళారి లాంటి చోటి నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా బాగా కనబడుతుంది. ఒక పక్క సిరుగుప్ప, ఆలూరు వైపు చూపానినంత మేర చదునైన నల్లరేగడి. ఇంకో పక్క సండూరు, కంప్లి వైపు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్ళ గుట్టలు. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలోకి, మిగతా జిల్లా మైసూరులోకి పోయినా నేల తీరు మాత్రం సరిహద్దుకు అటూ ఇటూ ఒక్కటే.

ఈ ప్రాంతానికి చేతి తుపాకీ కొత్తది కాదు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరును ముట్టడించినప్పుడు క్రిస్తొవావ్ ద ఫిగెరేదు అనే పోర్చుగీసు నాయకుడు తన తుపాకీదారులతో వచ్చి చేరాడు. గోడ మీద తల ఎత్తినవాణ్ణల్లా వాళ్ళు కొడుతుంటే, కింద రాయల మనుషులు కోటరాళ్ళు ఊడబెరికారని ఆ కాలపు పోర్చుగీసు రాతలు చెబుతున్నాయి. జామగితో అంటించే ఆ తుపాకీల గొట్టాలు నునుపైనవి, గుండు గుండ్రటిది. కోటగోడ కింద నిలబడి గోడ మీదివాణ్ణి కొట్టడానికి అది చాలింది. తర్వాతి మూడు వందల ఏళ్ళు పాళెగాళ్ళ బంట్లు, బోయలు, హైదరు సేన, కుంఫిణీ సిపాయిలు అందరూ మోసింది ఈ రకపు తుపాకీలే. జామగి పోయి చెకుముకి వచ్చింది, చెకుముకి పోయి పేలుడు టోపీ వచ్చింది. గొట్టమూ గుండూ మాత్రం మారలేదు.

కుంఫిణీ సిపాయి తుపాకీ గొట్టం వ్యాసం ముప్పావు అంగుళం. దాని గుండు 0.69 అంగుళాల దరిదాపు. ఆ సందు కావాలనే వదిలినది. నల్లమందు కాలితే సగానికి పైగా మసి, ఉప్పుగా మిగిలిపోతుంది. నాలుగైదు మార్లు పేల్చేసరికి గొట్టం ఇరుకవుతుంది. వరసలో నిలబడి నిమిషానికి మూడుసార్లు పేల్చాల్సిన సిపాయి గుండు జారవిడిస్తే చాలు కిందికి దిగిపోవాలి. దాని ఫలితం, గుండు గొట్టంలో అటూ ఇటూ గోడలకు కొట్టుకుంటూ బయటికొచ్చి, చివరిసారి ఏ వైపు తగిలిందో దానికి ఎదురు దిక్కుగా తిరుగుతూ పోతుంది. వంద గజాల దాకా ఏదో ఒక మనిషికి తగులుతుంది. గురిపెట్టిన మనిషికే తగులుతుందన్న హామీ లేదు.

ఈ వంకర పోవడానికి కారణం కనిపెట్టినాయన మన దక్షిణాదిలోనే కన్నుమూశాడు. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1742లో తోపుల శాస్త్రం మీద పుస్తకం రాశాడు. వేలాడే బరువైన చెక్కను గుండుతో కొట్టి, అది ఎంత ఊగిందో కొలిచి గుండు వేగం లెక్కగట్టాడు. వేగంగా పోయే గుండును గాలి ఎంత గట్టిగా అడ్డుకుంటుందో మొదట అంకెల్లో చూపించింది ఆయనే. గుండు తనకు తోచిన దిక్కుకు తిరగడం వల్లే దారి తప్పుతుందనీ, గాడుల గొట్టం దాన్ని పోయే దిక్కు ఇరుసుగా తిప్పితే ఆ జబ్బు కుదురుతుందనీ చెప్పాడు. గాడుల తుపాకీని ముందుగా చేపట్టిన దేశానిదే పైచేయి అవుతుందన్నాడు. గుండు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఇంకా మేలన్న ఊహ కూడా ఆయనకు తట్టింది. తర్వాత కుంఫిణీ వారి కోటలు చూడ్డానికి ప్రధాన ఇంజనీరుగా వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. ఆయన మాట సైన్యాల చెవికెక్కడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

గాడుల గొట్టంలో గుండ్రటి గుండును పట్టి తిప్పడానికి వేటగాళ్ళు అప్పటికే ఒక ఉపాయం పట్టారు. అదే గుడ్డ. అర అంగుళం గొట్టమైతే గుండును 0.49 అంగుళాలకు పోసుకుంటారు. ముందు కొలత ప్రకారం మందు పోసి, మూతి మీద నూనె పట్టించిన గట్టి నూలుగుడ్డ ముక్క పరిచి, గుండును దాని నడుమ పెట్టి బొటనవేలితో నొక్కుతారు. తర్వాత పొట్టి కర్రతో ఒక దెబ్బ. గుండు గుడ్డను చుట్టుకుని అంగుళం లోపలికి దిగుతుంది. అక్కణ్ణించి పొడుగు కడ్డీతో ఒకే ఊపున మందు మీద కూర్చోబెడతారు. గుండు గాడులను ముట్టుకోదు. గుడ్డే గాడుల్లోకి ఒదిగి, గాలి పోకుండా బిగించి, గుండును తిప్పుతుంది. దిగేటప్పుడు ముందు పేలుడు తాలూకు మసిని తుడుచుకుంటూ పోతుంది. పేలగానే మూతి దాటి కొన్ని గజాల్లోనే విడిపోయి రాలిపోతుంది.

రాలిన ఆ గుడ్డముక్కను ఏరుకొచ్చి చదవడం అనుభవజ్ఞుల అలవాటు. నడుమ గుండ్రంగా మసకబారి, చుట్టూ గాడుల గుర్తులు నక్షత్రంలా పడి, అంచులు కొద్దిగా కుచ్చులు విడితే అంతా సరిగ్గా ఉన్నట్టు. నడుమ కాలి చిల్లిపడితే గుడ్డ పలచన, లేదా జిడ్డు చాలలేదు. కత్తితో కోసినట్టు చీలితే మూతి అంచో గాడుల అంచో పదునుగా ఉంది. ముక్కలు ముక్కలైపోతే మందు ఎక్కువైంది. మొనదేలిన తూటా పేల్చేవాడికి ఇలాంటి ఉత్తరం ఏదీ రాదు. గురిబద్ద మీద పడిన రంధ్రాన్ని చూసుకుని ఊహించుకోవాల్సిందే.

1800లో బ్రిటిష్ సైన్యం బేకర్ రైఫిల్ తెచ్చినప్పుడు ఈ గుడ్డచుట్టిన గుండునే తీసుకుంది. 0.625 అంగుళాల గొట్టం, ఏడు గాడులు, ముప్పై అంగుళాల పొడవులో పావు చుట్టు మెలిక. మొదట్లో గుండు దిగ్గొట్టడానికి సిపాయిలకు చిన్న చెక్కసుత్తులు కూడా ఇచ్చారు. గురి కుదిరింది కానీ నింపడానికి మామూలు తుపాకీకి రెట్టింపు సమయం పట్టేది. అందుకే కొన్ని ప్రత్యేక దళాలకే అది పరిమితమైంది. దాని తర్వాత 1830ల చివర్లో వచ్చిన బ్రన్స్‌విక్ రైఫిల్ ఇంకో దారి తొక్కింది. గుండుకు చుట్టూ ఒక పట్టీ పోతపోసి, ఆ పట్టీ పట్టేలా గొట్టంలో రెండే రెండు లోతు గాడులు తీశారు. కాగితం మీద బాగానే ఉంది. యుద్ధంలో మసి పేరుకున్నాక ఆ పట్టీని గాడిలో కూర్చోబెట్టి దించడం సిపాయికి నరకమైంది. ఇండియాలో గూర్ఖా సిపాయిలు 1857లో ఢిల్లీ గుట్ట మీద కూడా ఈ రెండు గాడుల తుపాకీతోనే పోరాడారు.

వదులుగా జారి దిగాలి, బిగుతుగా పట్టి బయటికి రావాలి. సైన్యానికి కావలసింది ఇదీ. ఈ ముడి విప్పిన కథలో కూడా దక్షిణాది ఒకచోట తొంగిచూస్తుంది. జాన్ నార్టన్ అనే బ్రిటిష్ కెప్టెన్ 34వ పటాలంతో ఇక్కడ ఉన్న రోజుల్లో, స్థానికులు ఊదుగొట్టంతో కొట్టే బాణాలను గమనించాడని చెబుతారు. ఆ బాణం మొదట్లో తామరతూడు బెండు ఉంటుంది. ఊదిన గాలికి అది ఉబ్బి గొట్టాన్ని బిగబడుతుంది. దాన్ని చూసి నార్టన్ 1823లో అడుగు గుల్లగా ఉన్న మొనదేలిన తూటా తయారుచేశాడు. ప్రభుత్వం పట్టించుకోలేదు. 1849లో ఫ్రాన్సుకు చెందిన మినియే అదే సూత్రాన్ని నిలబెట్టాడు. తూటా గొట్టం కంటే సన్నం కాబట్టి సులువుగా దిగుతుంది. పేలుడు ఒత్తిడికి మెత్తటి సీసపు అంచు విచ్చుకుని గాడుల్లోకి ఎక్కుతుంది. సుత్తి అక్కర్లేదు, గుడ్డ అక్కర్లేదు, సమయం దండగ కాదు.

1853 నాటి ఎన్‌ఫీల్డ్ ఈ దారిలో వచ్చిందే. గొట్టం 0.577 అంగుళాలు, మూడు గాడులు, 78 అంగుళాలకు ఒక చుట్టు మెలిక. తూటా బరువు 530 గ్రెయిన్లు, అంటే 34 గ్రాములు. అదే గొట్టంలో గుడ్డతో దించే గుండు 18 గ్రాములు దాటదు. గుండు బరువు దాని లావుతో ముడిపడి ఉంటుంది, పెంచాలంటే గొట్టాన్నే పెద్దది చేయాలి. తూటాకు ఆ ఇబ్బంది లేదు. లావు పెంచకుండా పొడవు పెంచుకుంటే సరి. గాలికి ఎదురయ్యే ముఖం అంతే, వెనక తోసే బరువు రెట్టింపు. దూరంలో తూటా గెలవడానికి ఉన్న రహస్యమంతా ఇదే.

ఇక్కడే ఒక విచిత్రముంది. ఎన్‌ఫీల్డ్ తూటా మొనదేలినదే అయినా దాని ఒంటికి జిడ్డుగాడులు లేవు, నున్నగా ఉండేది. జిడ్డు కాగితానికి పట్టించారు. ఆ కాగితపు చుట్టలో తూటా తలకిందులుగా ఉండేది. సిపాయి మందున్న కొసను పంటితో చించి, మందు గొట్టంలో పోసి, చుట్టను తిప్పి, జిడ్డు కాగితం చుట్టి ఉన్న తూటాను మూతిలో దూర్చి, మిగిలిన కాగితం చించేసి దట్టించేవాడు. అంటే ఆ కాగితం చేసిన పని వేటగాడి నూలుగుడ్డ చేసినదే. రెండు పక్షాలుగా మనం విడదీసి మాట్లాడుకుంటున్నవి ఆ ఒక్క చుట్టలో కలిసిపోయాయి. ఆ జిడ్డు ఆవుదా, పందిదా అన్న ప్రశ్న 1857 జనవరిలో డమ్‌డమ్‌లో మొదలై ఎక్కడిదాకా పోయిందో తెలిసిందే. అప్పుడు సిపాయిలు అడిగింది కులం గురించీ మతం గురించీ. కానీ ఇదంతా ఒక తుపాకీ సాంకేతిక సమస్యకు, వదులుగా దిగి బిగుతుగా రావాలన్న దానికి, దొరికిన పరిష్కారం నుంచి పుట్టింది.

తిరుగుబాటు అణిగాక కుంఫిణీ స్థానంలో వచ్చిన రాణిగారి ప్రభుత్వం ఏం చేసిందో తుపాకీ చరిత్రల్లో ఉంది గానీ మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. దేశీయ సిపాయిల కోసం 1858 నమూనా అని ఒకటి చేయించింది. పైకి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల గాడుల్లేవు. గొట్టాన్ని 0.656 అంగుళాలకు నునుపుగా తొలిచారు. దూరం కొలిచే మెట్ల గురి తీసేసి ఒక పొట్టి గురి పెట్టారు. తెల్ల సిపాయికి మొనదేలిన తూటా, నల్ల సిపాయికి మళ్ళీ గుండ్రటి గుండు. ఏది మెరుగన్న వాదం మీద ఇంత ఖచ్చితమైన తీర్పు ఏ శాస్త్రవేత్తా ఇవ్వలేదు. ఎవరి చేతిలో ఏది ఉండకూడదో పాలకులకు బాగా తెలుసు.

ప్రజల చేతిలో అయితే అసలేదీ ఉండకూడదని 1857లోనే ఆయుధాల చట్టం వచ్చింది. బళ్ళారికి వాయవ్యంగా ముధోళ దగ్గరి హలగలి ఊళ్ళో బేడరులు, మన బోయల బంధుకులం వారు, తుపాకీలూ కత్తులూ అప్పగించబోమని ఎదురుతిరిగారు. ఆ నవంబరులోనే సైన్యం వచ్చి ఊరు తగలబెట్టింది. మరుసటి ఏడు ముండరగి భీమరావు కొప్పళ కోటలో నిలబడి పోరాడి పోయాడు. ఆ పోరాటాల్లో ఒకవైపు నునుపు గొట్టాల నాటు తుపాకీలు, రెండోవైపు దొరల పటాలాలు. కోటగోడ మీద ఉన్నవాడికి కిందివాడు అందడు, కిందివాడికి పైవాడు అందుతాడు. కుంబార గుట్ట కథ మనుషుల చేతి తుపాకీల్లోకి దిగివచ్చింది.

ఇక వాదం అసలు వేడెక్కింది ఇండియాలోని ఇద్దరు సైనికాధికారుల మధ్య. ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారని కాదు, వాళ్ళు వదిలిపోయిన తుపాకీలు, పుస్తకాలు వాదించుకుంటాయి. ఒకడు సింధులో జాన్ జాకబ్. ఆయన పేరనే జాకబాబాద్ వెలిసింది. ఎడారిలో చూపు ఆగే చెట్టూ లేదు, గుట్టా లేదు. 1858కి ఆయన రూపొందించిన జంటగొట్టాల రైఫిల్‌కు నాలుగు లోతు గాడులు, వాటిలో ఒదిగేలా నాలుగు బొడిపెలున్న మొనదేలిన తూటా. రెండు వేల గజాల అవతలున్న మందుబండిని పేల్చేలా తూటా కొనలో పేలుడు మందు కూడా పెట్టాడు. సిపాయి తోపుదళాన్ని మించిపోవాలన్నది ఆయన కల. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన పోయాడు.

రెండోవాడు మధ్యభారతంలో, సాత్పుడా అడవుల్లో తిరిగిన కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్. 1860ల మొదట్లో వేట రైఫిళ్ళ మీద ఆయన రాసిన పుస్తకం అప్పటి మొనతూటా మోజుకు ఎదురీత. ఆయన వాదన ఇదీ. అడవిలో జంతువు కనబడేది యాభై, అరవై గజాల్లో. వంద దాటడం అరుదు. అక్కడ వేటగాడికి దూరం కొలుచుకునే తీరిక ఉండదు. బరువైన తూటా నెమ్మదిగా బయల్దేరి ఎత్తుగా వంగి పోతుంది. దూరం పదిగజాలు తప్పుగా అంచనా వేస్తే పైనుంచో కిందనుంచో పోతుంది. పెద్ద గుండుకు మందు దండిగా పోసి వేగంగా వదిలితే నూట యాభై గజాల దాకా దాదాపు తిన్నగా పోతుంది. మరి ఎక్కువ మందు పోస్తే గుండు గాడులు దాటి జారిపోదా? మెలిక ఎక్కువైతే జారుతుంది. అందుకే మెలిక తగ్గించాడు. పద్నాలుగు గుండ్లు కలిసి పౌను తూగే లావు గొట్టంలో ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు చాలన్నాడు. గాడులు లోతు తక్కువ. ఆ ఆలోచన సూటిదనం నాకు ఈ సాహిత్యమంతటిలో బాగా నచ్చుతుంది. అందరూ తూటాను మారుస్తుంటే ఆయన గొట్టాన్ని మార్చాడు.

ఇద్దరిలో ఎవరు సరి అంటే, జాకబాబాద్‌లో జాకబ్, సాత్పుడా కొండల పచ్‌మఢీలో ఫోర్సిత్. సింహళంలో ఏనుగుల్ని వేటాడిన సామ్యూల్ బేకర్ ఈ గొడవే లేకుండా ఒక్క రైఫిల్‌లోనే రెండూ పేల్చుకున్నాడు. మూడు ఔన్సుల పట్టీ గుండు, నాలుగు ఔన్సుల మొన తూటా. తుపాకీ బరువు ఇరవై ఒక్క పౌన్లు. మోసేవాళ్ళు ఉంటే ఏదైనా చెల్లుతుంది.

దూరం అంచనా సంగతి చిన్నది కాదు. ఎన్‌ఫీల్డును మూడొందల గజాలకు గురిపెట్టి పేలిస్తే దారి నడుమ తూటా గురిగీతకు దాదాపు మూడున్నర అడుగులు పైకి లేచి దిగుతుంది. నూట యాభై గజాల్లో నిలబడ్డ మనిషి నడుముకు గురిచూస్తే తల మీదుగా పోతుంది. అందుకే బ్రిటిష్ వాళ్ళు 1853లో హైత్‌లో తుపాకీబడి పెట్టి కంటితో దూరం కొలవడాన్ని పెద్ద పాఠం చేశారు. ఆ చదువు లేని సైన్యానికి మొన తూటా ఇచ్చి లాభం తక్కువ. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాల దగ్గరా మినియే తూటాలే ఉన్నా కాల్పులు చాలావరకు పాత తుపాకీల దూరంలోనే జరిగాయని చరిత్రకారుడు ఎర్ల్ హెస్ 2008లో ఒక పుస్తకమే రాశాడు. తూటాకు సత్తా ఉంది, పేల్చేవాడికి దాన్ని వాడుకునే శిక్షణ లేదు.

బళ్ళారి నేల మీద పెట్టి చూద్దాం. నల్లరేగడి చదునులో ఒకప్పుడు కృష్ణజింకలు మందలుగా మేసేవి. అక్కడ మనిషి రెండొందల గజాల్లోకి వచ్చేలోపే మంద లేచిపోతుంది. దాని మీద గుండ్రటి గుండు దండగ. ఇంకోవైపు దరోజి గుట్టల్లో, గుండ్రాళ్ళ సందుల్లో, ఎలుగో చిరుతో ఎదురైతే అది ఇరవై గజాల సంగతి. అక్కడ ఆరొందల గజాల తూటా ఎందుకు? ఒకే జిల్లాలో రెండు జవాబులు. ఇదంతా పాత లెక్క సుమా. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ వేట నేరం. దరోజి ఇప్పుడు ఎలుగుల అభయారణ్యం. వేటగాడి వాదాన్ని అర్థం చేసుకోవడం వేరు, వేట వేరు.

అంకెల్లోకి వస్తే, అర అంగుళం గొట్టంలో గుడ్డతో పేల్చే గుండు 11 గ్రాముల పైచిలుకు. తొంభై గ్రెయిన్ల మందుతో అది సెకనుకు 1,900 అడుగుల దరిదాపు వేగంతో బయల్దేరుతుంది. వంద గజాలు చేరేసరికి 1,100 చుట్టుపక్కలకు పడిపోతుంది. శక్తి లెక్కన మూడో వంతే మిగులుతుంది. అదే గొట్టంలో 24 గ్రాముల మొన తూటా నెమ్మదిగా బయల్దేరినా వంద గజాల దగ్గర ఎక్కువ శక్తి మిగుల్చుకుంటుంది. భుజానికి తన్ను కూడా అంతకంతా. పెద్ద గుండు సంగతి వేరు. వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, గాలికెదురు ముఖం నాలుగు రెట్లే. ఫోర్సిత్ పెద్ద గుండును పట్టుకున్నది ఊరికే కాదు. చిన్న గొట్టంలో గుండు, పెద్ద గొట్టంలో గుండు ఒకే తరగతివని మాట్లాడేవాళ్ళు ఈ లెక్క మరిచిపోతారు.

మొన తూటాకు ఒక దుర్గుణం ఉంది. పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు గానీ పేల్చేవాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. గుడ్డచుట్టిన గుండు గొట్టంలో బిగిసి కూర్చుంటుంది. జారిదిగే తూటా జారి ముందుకు కూడా వస్తుంది. నింపిన తుపాకీని మూతి కిందికి వాల్చి రాళ్ళు దిగుతూ పోతే, నడక కుదుపుకి తూటా మందు మీంచి లేచి రెండు మూడంగుళాలు ముందుకు రావచ్చు. అప్పుడు పేలిస్తే మందుకూ తూటాకూ మధ్య సందులో ఒత్తిడి పెరిగి గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. అందుకే జాగ్రత్తపరులు నింపినప్పుడు కడ్డీ ఎంత లోపలికి దిగిందో గీతపెట్టుకుని, పేల్చేముందు మళ్ళీ కడ్డీ దించి చూసుకుంటారు. రెండోది సీసం. తూటా అంచు విచ్చుకోవాలంటే శుద్ధమైన మెత్తటి సీసం కావాలి. పాత బ్యాటరీల్లో దొరికే గట్టి సీసం విచ్చుకోదు. దానితో తూటా పోస్తే అది గాడుల్ని పట్టకుండా తడబడుతూ పోతుంది. గుండుకైతే ఆ లోటును గుడ్డ కొంత కప్పేస్తుంది.

గుండుకూ ఎండాకాలపు తిప్పలు లేకపోలేదు. తేమగాలిలో మసి మెత్తగా ఉంటుంది. బళ్ళారి మే నెల పొడి ఎండలో అది రాయిలా గట్టిపడి, మూడోసారికే గుడ్డ దిగనని మొరాయిస్తుంది. కొవ్వు ఒక్కటే పట్టిస్తే కరిగి మందులోకి కారుతుంది. తేనెమైనం కలిపితే నిలబడుతుంది. ఒక్కో పేలుడుకూ తడిగుడ్డతో గొట్టం తుడిచేవాడికి ఈ బాధ ఉండదు, తీరిక మాత్రం కావాలి.

మరి మన పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా లైసెన్సుతో ఉన్న తుపాకీల మాట? 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు మూతి నుంచి నింపే తుపాకీని పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. పందుల నుంచి చేను కాపాడుకునే రైతు కోసమది. పోలీసు వార్తల్లో భర్మారు అని వినబడేదీ ఈ జాతిదే. వీటి గొట్టాలు సాధారణంగా నునుపు. కాబట్టి ఈ వ్యాసంలో ఇంతదాకా నడిచిన వాదం వీటికి అంటదు. గాడుల్లేని గొట్టంలోంచి మొన తూటా వదిలితే అది గాల్లో పల్టీలు కొడుతుంది, గుండు కంటే అన్యాయంగా పోతుంది. క్రిమియా యుద్ధ కాలంలో ఫ్రెంచివాళ్ళు నునుపు గొట్టాల కోసం నెస్లర్ అనే పొట్టి తూటా చేసి కొంత మెరుగు సాధించారు గానీ అది నిలవలేదు. నునుపు గొట్టానికి గుండే గతి. దాని మూతికి మొన తూటా అంటగట్టాలని చూసేవాళ్ళు తుపాకీనీ చేతినీ రెంటినీ పోగొట్టుకుంటారు.

క్రీడగా చూస్తే ఈ తగువును 1971లో ఏర్పడిన అంతర్జాతీయ మూతితుపాకీ సంఘం తెలివిగా తప్పించింది. రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టకుండా వేర్వేరు పోటీలు పెట్టింది. జామగి తుపాకీకి తనెగషిమ పేరుతో యాభై మీటర్లు, చెకుముకి రైఫిళ్ళకు మాక్సిమిలియన్ పేరుతో వంద మీటర్లు, సైనిక రైఫిళ్ళకు మినియే పేరుతో ఇంకో వంద. అమెరికాలో వేట కాలాల నిబంధనలు రాష్ట్రానికొకటి. కొలరాడోలో అయితే మూతితుపాకీ కాలంలో ప్లాస్టిక్ తొడుగు తూటాలు కూడదు. కొత్తరకం తొడుగులు వస్తే పాత తుపాకీ పాతగా ఉండదన్నది వారి వాదం. నాకు అది సబబే అనిపిస్తుంది.

ఇంట్లో తాతల నాటి లైసెన్సు రైఫిల్ ఉన్నవాళ్ళు ఏది వాడాలో తేల్చుకోవడానికి గొడవ పడనక్కర్లేదు, గొట్టాన్నే అడగొచ్చు. ముందు కడ్డీని లోపలికి దించి, బయట గొట్టం పక్కన పెట్టి పోల్చాలి. కడ్డీ అడుగుదాకా దిగకపోతే లోపల మందు, గుండు ఉన్నట్టే. అలా దశాబ్దాలుగా నిండి గూట్లో పడున్నవి చాలా ఉంటాయి. అది తెలిసినవాడి చేతికి ఇవ్వాలి, తను ముట్టుకోకూడదు. ఖాళీ అని తేలాక కడ్డీ కొసకు బిగుతుగా గుడ్డ చుట్టి అడుగుదాకా దించి, కడ్డీ మీద ఒక గుర్తుపెట్టి మెల్లగా వెనక్కి లాగితే గుడ్డ గాడుల వెంట తిరుగుతుంది. గుర్తు పావు చుట్టు తిరగడానికి కడ్డీ ఎన్ని అంగుళాలు బయటికొచ్చిందో చూసి నాలుగుతో గుణిస్తే మెలిక. అరవై అంగుళాలు దాటిందా, గాడులు కాస్త లోతుగా ఉన్నాయా, అది గుడ్డచుట్టిన గుండుకోసం తీసినది. ముప్పై లోపా, గాడులు పల్చగా ఉన్నాయా, మొన తూటాకోసం. ఎన్‌ఫీల్డ్ లాంటివి ఈ లెక్కకు లొంగవు. పొట్టి తూటాకు 78 అంగుళాల మెలికే సరిపోయింది. 48 దగ్గర ఆగితే అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన గొట్టం. 1970ల నుంచి అమెరికాలో ఇలాంటివే ఎక్కువ అమ్ముడుపోయాయి. దానికి గుండూ తూటా రెండూ తెచ్చుకుని, అనుమతి ఉన్న రేంజిలో, ఒక్కోటి పదేసి పేల్చి రంధ్రాలు చూసుకోవాల్సిందే.